పగ అప్పా, దాహమా?

నా చేతికి మొదట వచ్చిన ‘ది కౌంట్ ఆఫ్ మాంటీ క్రిస్టో’ 150 పేజీలైనా లేని సంక్షిప్త అనువాదం. అప్పటికి నాకు 13 ఏళ్ళు. అట్ట మీద నల్లటి అంగీ తొడుక్కున్న మనిషి ఒకడు కొండ అంచున నిలబడి సముద్రం వైపు చూస్తుండేవాడు. లోపలి కథలో ఏ పాపమూ ఎరగని ఒక నావికుణ్ణి ముగ్గురు కలిసి జైలు పాలు చేస్తారు. అతను తప్పించుకుని, నిధి సంపాదించి, ఆ ముగ్గురినీ ఒకరి తరువాత ఒకరిగా మట్టి కరిపించి, ఓడ ఎక్కి వెళ్ళిపోతాడు. ఆ తరువాత చాలా ఏళ్ళ పాటు ‘బలం’ అన్న మాట వినగానే నాకు ఆ అట్ట మీది మనిషే గుర్తుకు వచ్చేవాడు. నన్ను ఎవరైనా చిన్నబుచ్చితే నేను కూడా మనసులో ఒక నల్లటి అంగీ తొడుక్కునేవాణ్ణి. ఎంతో కాలానికి, వెయ్యి పేజీలు దాటిన పూర్తి నవల చదివినప్పుడు, నా సంక్షిప్త ప్రతిలో నుంచి ఒక పిల్లవాడి శవాన్ని ఎవరో జాగ్రత్తగా తీసేశారని తెలిసింది. పిల్లలు చదివే పుస్తకం కదా అని తీసేసి ఉంటారు. కానీ ఆ శవం లేకపోతే అది ఫ్రెంచి రచయిత అలెగ్జాండర్ డ్యూమా రాసిన నవలే కాదు.

ఆ శవం సంగతికి వెళ్ళే ముందు, మన భాషలోని ఒక క్రియ గురించి చెప్పాలి. తెలుగులో పగను ‘తీర్చుకుంటాం’. అప్పును కూడా తీరుస్తాం, దాహాన్ని కూడా తీర్చుకుంటాం. అప్పు తీరిందంటే ఇంతని ఒక మొత్తం ఉందన్నమాట. అణా పైసలతో చెల్లించాక పత్రం చింపేసి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోవచ్చు. దాహం సంగతి అలా కాదు. అది తీరుతుంది, మళ్ళీ వేస్తుంది, ఉప్పునీళ్ళు తాగితే తీరకపోగా పెరుగుతుంది. పగ ఈ రెంటిలో దేని లాంటిదో భాష తేల్చి చెప్పకుండా, రెండు చోట్లా చెల్లే ఒకే క్రియను మన చేతిలో పెట్టి ఊరుకుంది. ప్రతీకారానికి ప్రతీకలుగా మనం చెప్పుకునే ప్రామాణిక సాహిత్యంలోని పాత్రలు దాదాపు అన్నీ ఈ రెండు అర్థాల నడుమే తిరుగుతాయని నా అభిప్రాయం. వాళ్ళు బయలుదేరేది బాకీ వసూలుకు. నడుస్తూ ఉండగా ఎక్కడో అది దాహంగా మారుతుంది. ఆ మారిన చోటును మనం చదువుతూ దాటేసి, అక్కడి నుంచి వాళ్ళు చేసే విధ్వంసాన్ని బలం అంటున్నాం. వాళ్ళ అసలు బలం, ఉన్నంత వరకూ, ఆ చోటుకు ఇవతలే ఉంది.

ఇంగ్లీషు నవలల మీది పరీక్షల గైడ్లలో ‘హీత్‌క్లిఫ్ – ప్రతీకారానికి ప్రతీక, ఏహాబ్ – పట్టుదలకు ప్రతీక’ అని పట్టికలు వేసి ఇస్తారు. ప్రతీక, ప్రతీకారం వినడానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి కానీ వేరు వేరు ధాతువుల నుంచి పుట్టిన మాటలు. ఆ పట్టికలతో నాకున్న పేచీ ఏమిటంటే, ఒక మనిషిని ప్రతీక చేయడం పగపట్టినవాడు తన శత్రువుకు చేసే పని లాంటిదే. శత్రువుకు ఆకలి, నిద్ర, పిల్లలు ఉంటారని మరచిపోయి అతన్ని ‘చేసిన ద్రోహం’ అన్న ఒక్క గుర్తు కిందికి కుదించినప్పుడే పగ సాధ్యమవుతుంది. మంచి నవలాకారుడు చివరి అధ్యాయాలలో ఆ కుదింపును విప్పుతాడు. గైడు రాసేవాళ్ళు మళ్ళీ ముడి వేస్తారు.

ఇప్పుడు డ్యూమా దగ్గరికి. ఈ నవల 1844 నుంచి 1846 వరకు పారిస్‌లోని ఒక దినపత్రికలో ధారావాహికగా వచ్చింది. పోలీసు దస్తావేజుల నుంచి జాక్ పూషే అనే ఆయన వెలికి తీసి రాసిన ఒక చెప్పులు కుట్టేవాడి కథ దీనికి మూలం. కథానాయకుడు ఎడ్మండ్ డాంటెస్‌ను 1815 ఫిబ్రవరి చివర, 19 ఏళ్ళ వయసులో, పెళ్ళి నిశ్చయ విందులో కూర్చుని ఉండగా పట్టుకుపోతారు. ఎడమచేత్తో రాసిన ఒక ఆకాశరామన్న ఉత్తరం, దాన్ని ఆలోచించిన డాంగ్లార్, తపాలాలో వేసిన ఫెర్నాండ్, తన తండ్రికి చిక్కు రాకుండా సాక్ష్యాన్ని కాల్చేసి నిర్దోషిని సముద్రం మధ్య కోట జైలుకు పంపిన న్యాయాధికారి విల్‌ఫోర్: లెక్క ఇంత స్పష్టంగా ఉంటుంది. జైలులో 14 ఏళ్ళు, బయటపడ్డాక సిద్ధం కావడానికి మరో 9 ఏళ్ళు. మాంటీ క్రిస్టో కౌంటు అన్న కొత్త పేరుతో అతను పారిస్‌లో అడుగుపెట్టేది కత్తి పట్టుకుని కాదు; బ్యాంకరుగా మారిన డాంగ్లార్ దగ్గరికి పరిమితి లేని అప్పు ఇవ్వమని చెప్పే పత్రంతో వెళతాడు. ఈ వివరం నాకు చాలా ఇష్టం. బాకీ వసూలుకు వచ్చినవాడు అప్పు అడుగుతూ గుమ్మం ఎక్కుతాడు.

అక్కడి నుంచి ఎన్నో వందల పేజీల పాటు లెక్క తప్పదు. ఫెర్నాండ్ ద్రోహంతో పైకి వచ్చాడు కనుక అతని ద్రోహమే సభలో బయటపడుతుంది, డాంగ్లార్ డబ్బుతో బతికాడు కనుక డబ్బు పోతుంది, విల్‌ఫోర్ చట్టాన్ని అడ్డం పెట్టుకున్నాడు కనుక న్యాయస్థానంలోనే అతని పాత నేరం నిలదీస్తుంది. ఎవరి పాపం కొలతకు వాళ్ళ శిక్ష కుట్టించినట్టు ఉంటుంది. పాఠకుడికి ఇక్కడ కలిగే సంతోషం లెక్క సరిపోయినప్పుడు గుమాస్తాకు కలిగే సంతోషమే, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. అయితే విల్‌ఫోర్ ఇంట్లో విషప్రయోగాలు చేస్తున్నది అతని రెండో భార్య. ఆ విషాల గురించి ఆమెకు ఉన్న ఆసక్తిని మాటలతో రాజేసింది మాంటీ క్రిస్టో. దొరికిపోయాక ఆమె తాను విషం తాగుతూ, తన చిన్న కొడుకు ఎడువార్‌ను కూడా వెంట తీసుకుపోతుంది. విల్‌ఫోర్ కౌంటును చేయి పట్టుకుని లాక్కెళ్ళి ఆ రెండు శవాలనూ చూపించి, నీ పగ తీరిందా అని అడుగుతాడు. కౌంటు ఆ పిల్లవాణ్ణి పక్క గదిలోకి ఎత్తుకుపోయి, తలుపు వేసుకుని, బతికించడానికి తన దగ్గరున్న మందులన్నీ వాడి చూస్తాడు. ఆ పిల్లవాడు బతకడు. దేవుడు తన పక్షాన ఉన్నాడని చెప్పే హక్కు ఆ క్షణం నుంచి తనకు లేదని ఆ మనిషికి అర్థమవుతుంది. ఈ పిల్లవాడు ఏ బాకీలోనూ లేడు, ఏ పద్దులోనూ అతని పేరు లేదు.

నా సంక్షిప్త అనువాదం తీసేసిన పేజీలు ఇవే. వాటి వెనకాలే వచ్చే మరో అధ్యాయం కూడా దానిలో లేదు, నిజానికి అది ఇంకా ముఖ్యమైనది. అనుమానం పుట్టిన కౌంటు తిన్నగా తాను 14 ఏళ్ళు గడిపిన ఆ కోట జైలుకు వెళతాడు. అప్పటికి అది జైలుగా లేదు. చూడవచ్చినవాళ్ళకు కాపలావాడు దివిటీ పట్టుకుని కొట్లు తిప్పి చూపిస్తూ, వెనకటి ఖైదీల కథలు చెప్పి బహుమానం పుచ్చుకుంటూ ఉంటాడు. తన కథ తనకే ఒక అపరిచితుడు జాలిగా చెబుతుంటే వింటూ, కౌంటు తన పాత కొట్టులో గోడ మీద దివిటీ వెలుగులో ఒక రాత చూస్తాడు: ‘దేవుడా, నా జ్ఞాపకాన్ని కాపాడు.’ అది తను చెక్కుకున్నదే. చివరి రోజుల్లో విడుదల కోరడం మానేసి, మతి పోయి జరిగింది మరచిపోతానేమో అన్న భయంతో అదొక్కటే ప్రార్థించానని అతనికి గుర్తుకు వస్తుంది. నేను ఈ వాక్యం దగ్గర పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. పగపట్టినవాడి బలం కండలో లేదు, నిధిలో లేదు, మారువేషాలలో కూడా లేదు. మరచిపోకుండా ఉండడమే అతనికి ఉన్న ఒకే ఒక్క ఆస్తి. ఆ ఆస్తికి కరుగుతున్న అంచులు సరిచేసుకోవడానికే అతను ఆ జైలుకు తిరిగి వచ్చాడు, ఆరిపోతున్న నిప్పు మీద ఊదడానికి వచ్చినట్టు. అక్కడ అతనికి కావలసిన ధైర్యం దొరికిందనే డ్యూమా రాశాడు. కానీ తరువాత ఏం జరిగిందో చూడండి. బందిపోట్ల చేతిలో చిక్కి, ఒక్కో కోడికి లక్ష ఫ్రాంకులు కడుతూ, ఆకలితో జుట్టు నెరసిపోయిన డాంగ్లార్ ముందుకు వచ్చి, తన తండ్రిని ఆకలితో చంపినవాణ్ణి అదే ఆకలితో చంపే హక్కు ఉన్న ఆ మనిషి, తనకూ క్షమాపణ అవసరమే కనుక నిన్ను క్షమిస్తున్నానని అంటాడు. లెక్క ప్రకారం బాకీ ఇంకా మిగిలే ఉంది. వసూలు చేయగలవాడు వదిలేశాడు. నవల మొత్తంలో అతను అందరికంటే బలంగా కనిపించేది నాకు అక్కడే, నల్లటి అంగీలో మాత్రం కాదు.

అప్పును అప్పుగానే చివరి దాకా పట్టుకున్న పాత్ర ఒకటుంది. దాని గురించి మనవాళ్ళు తక్కువగా మాట్లాడతారు. జర్మన్ రచయిత హైన్‌రిష్ ఫాన్ క్లైస్ట్ 1810లో పూర్తిగా అచ్చువేసిన ‘మిఖాయెల్ కోల్హాస్’ లో కథానాయకుడు గుర్రాల వ్యాపారి. 1540లో బెర్లిన్‌లో మరణశిక్ష పడిన హాన్స్ కోల్హాసె అనే నిజమైన మనిషి మీద అల్లిన కథ. ఒక జమీందారు, అసలు ఎక్కడా అమలులో లేని ఒక రహదారి అనుమతి పత్రం అడిగి, కుదువ కింద అతని నల్ల గుర్రాలు రెండింటిని ఉంచుకుని, పొలం పనులకు వాడి ఎముకల గూడు చేస్తాడు. కోల్హాస్ కోరేది ఒక్కటే: గుర్రాలను మునుపటిలా బలిపించి తిరిగి ఇవ్వాలి. న్యాయస్థానాలు అర్జీలను తొక్కిపెడతాయి, అర్జీ ఇవ్వబోయిన భార్య కాపలావాడి బల్లెం దెబ్బకు చనిపోతుంది, అతను సేన కూడగట్టి కోటను తగలబెట్టి విట్టెన్‌బర్గ్ నగరానికి నిప్పు పెడతాడు. చివరికి వధ్యస్థలం దగ్గర అతనికి తీర్పు చదివి వినిపిస్తారు. నిగనిగలాడుతున్న గుర్రాలు రెండూ ఎదురుగా ఉంటాయి. తన దగ్గర పనిచేసిన సాయీసు పోగొట్టుకున్న మెడగుడ్డ, బంగారు నాణేలు, బట్టల మూట కూడా లెక్క ప్రకారం తిరిగి వచ్చేశాయి. జమీందారుకు రెండేళ్ళ ఖైదు పడింది. రావలసింది పూర్తిగా ముట్టిందని కోల్హాస్ తృప్తి పడి, రాజ్యశాంతిని భంగం చేసినందుకు తాను చెల్లించవలసిన తల చెల్లించడానికి ముందుకు నడుస్తాడు. అప్పటి మనుషులలో అతి న్యాయశీలురలో ఒకడు, అతి భయంకరులలో ఒకడు కూడా అతనేనని రచయిత మొదటి వాక్యంలోనే చెప్పేశాడు. అప్పు అణా పైసలతో తీరడమంటే ఇంత. ఆ పద్దులో కాలిపోయిన ఊళ్ళు ఎవరి ఖాతాలో ఉన్నాయో ఆ తీర్పులో లేదు.

దాహం పూర్తి రూపం చూడాలంటే ఏహాబ్ దగ్గరికి వెళ్ళాలి. 1851లో వచ్చిన హెర్మన్ మెల్విల్ నవల ‘మోబీ డిక్’ లో ఓడ కెప్టెన్ ఏహాబ్ తన కాలు కొరికిన తెల్ల తిమింగలాన్ని వేటాడటానికే ఓడను, మనుషులను వాడుకుంటాడని అందరికీ తెలుసు. తిమింగలాన్ని ముందుగా చూసినవాడికి 16 డాలర్ల బంగారు నాణెం ఇస్తానని దాన్ని నడిమి కొయ్యకు మేకుతో కొట్టినప్పుడు అతని ఉపసారథి స్టార్‌బక్ ఒక గుమాస్తా ప్రశ్న అడుగుతాడు. నీ పగ ఎన్ని పీపాల నూనె ఇస్తుంది, మన బజారులో దానికి ఏం ధర పలుకుతుంది అని. నేను కాలేజీలో చదివేటప్పుడు ఈ ప్రశ్నకు నవ్వుకున్నాను. ఒక మహా పురుషుడి ముందు వెలకట్టే వ్యాపారిలా కనిపించాడు స్టార్‌బక్. ఇప్పుడు ఆ ప్రశ్నే ఓడలో ఉన్న అందరి ప్రాణాలను కాపాడగల ప్రశ్నగా కనిపిస్తుంది. ఎందుకంటే ఏహాబ్ దగ్గర దానికి జవాబు ఒక అంకెలో లేదు. తన ఛాతీ మీద కొట్టుకుని అక్కడ లాభం వస్తుందంటాడు.

ఏహాబ్ గురించి రాసినవాళ్ళు తరచుగా దాటేసే అధ్యాయం ఒకటి ఉంది. సముద్రం మధ్యలో అతనికి ఒక ఇంగ్లీషు ఓడ ఎదురవుతుంది. దాని కెప్టెన్ బూమర్ కూడా అదే తిమింగలం వల్ల చేయి పోగొట్టుకున్నవాడు, ఏహాబ్‌కు తిమింగలం ఎముకతో చేసిన కాలు ఉంటే ఇతనికి అదే ఎముకతో చేసిన చేయి ఉంది. కలిసినప్పుడు ఇద్దరూ ఆ ఎముకలను ఒకదానితో ఒకటి తాకించి పలకరించుకుంటారు. ఏహాబ్ ఆత్రంగా ఎక్కడ చూశావు, ఎప్పుడు చూశావు, మళ్ళీ ఎదురైందా అని అడుగుతాడు. రెండుసార్లు ఎదురైంది కానీ బల్లెం వేయడానికి ప్రయత్నించలేదని బూమర్ చెబుతాడు. ఒక అవయవం పోయింది చాలదా, ఈ రెండో చేయి కూడా పోతే నేనేం చేయాలి అంటాడు. దాన్ని వదిలేయడమే మేలు, నీకు అలా అనిపించదా అని అడిగితే, మేలే, అయినా దాన్ని వేటాడతారు అన్నది ఏహాబ్ జవాబు. పోయింది ఇద్దరికీ ఒకే కొలతలో పోయింది, పోగొట్టిన జంతువు కూడా ఒకటే. అప్పు దృష్టితో చూస్తే ఇద్దరిదీ ఒకే మొత్తం. బూమర్ దాన్ని నష్టం కింద రాసేసుకుని తన డాక్టరుతో వేళాకోళాలాడుతూ బతుకుతున్నాడు. మెల్విల్ ఈ మనిషిని ఏహాబ్ పక్కనే ఎందుకు నిలబెట్టాడు? గాయమే పగను పుట్టించదని చూపించడానికే అని నాకు అనిపిస్తుంది. అయినా ఏ గైడులోనూ బూమర్ పేరు బలానికి ప్రతీకగా కనిపించదు. మన చూపు ఎంత సేపూ కొయ్యకు మేకు కొట్టేవాడి మీదే ఉంటుంది. మూడు రోజుల వేట తరువాత తాను విసిరిన బల్లెం తాడే మెడకు చుట్టుకుని ఏహాబ్ కన్ను మూసి తెరిచేలోగా మాయమైపోతాడు. అతనికి చావు కేక కూడా ఉండదు.

ఇక్కడి దాకా నేను చెప్పినదాన్ని ఎవరైనా ఒక మాటతో ప్రశ్నించవచ్చు. పగను వదిలేయగలిగినవాడే బలవంతుడనడం బలవంతులకు సుఖంగా ఉండే మాట. న్యాయం చేసే సభ, అర్జీ తీసుకునే కచేరీ, వినే చెవి ఏవీ లేనివాళ్ళకు పగ కాక ఇంకేం మిగులుతుంది అని. ఈ అభ్యంతరం న్యాయమైనదే. దీనికి ఎదురుగా నిలబడవలసిన పాత్ర 1859లో వచ్చిన డికెన్స్ నవల ‘ఏ టేల్ ఆఫ్ టూ సిటీస్’ లోని మదాం డిఫార్జ్. ఆమె సారా కొట్టులో కూర్చుని ఎప్పుడూ అల్లిక అల్లుతూ ఉంటుంది. చావవలసిన దొరల పేర్లు ఆ అల్లికలో సంకేతాలుగా చేరుతుంటాయి. ఆ పద్దులో నుంచి ఒక్క అక్షరం చెరపడం కంటే పిరికివాడు తన బతుకునే చెరిపేసుకోవడం తేలికని ఆమె భర్త గర్వంగా చెబుతాడు. ఆ అల్లిక వెనక ఉన్నది ఏమిటో చాలా ఆలస్యంగా తెలుస్తుంది: ఇద్దరు దొరలు ఆమె అక్కను చెరిచి, ఆమె కుటుంబాన్ని మట్టిలో కలిపారు. మిగిలింది ఈ చిన్న పిల్ల ఒక్కతే. దొర మీద దొర కచేరీలోనే ఫిర్యాదు చేయవలసిన కాలంలో ఆమె దారాన్ని దస్తావేజుగా చేసుకుంది. ఏ సాహిత్యంలోనైనా ఇంత కంటే బలమైన ప్రతీక నేను చూడలేదు.

అయితే డికెన్స్ ఆమెకు అన్యాయం చేశాడని నా ఫిర్యాదు. డాంటెస్‌కు పగ రాగానే ఒక బిరుదు, ఒక దీవి, పట్టు పరుపులు వచ్చాయి. ఆమెకు పగ రాగానే రచయిత ఆమెను ఆడపులి అన్నాడు. గాలికీ నిప్పుకీ ఎక్కడ ఆగాలో చెప్పుకో, నాకు చెప్పకు అని ఆమె భర్తతో అన్న మాటలో ఎంత చరిత్ర ఉందో ఒప్పుకుంటూనే, చివరికి ఒక పెనుగులాటలో ఆమె పిస్తోలు ఆమె మీదే పేలేట్టు చేసి వదిలించుకున్నాడు. క్రీ.పూ. 431లోనే గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ తన మెదియాను, కన్నబిడ్డలను చంపుకున్న ఆమెను కూడా, సూర్యుడి రథం మీద ఆకాశ మార్గాన పంపించాడు. ఆ భయంకరమైన నిష్క్రమణలో ఆమె ఎవరికీ జవాబుదారీ కాలేదు. మదాం డిఫార్జ్‌కు దక్కింది పొరపాటున పేలిన తూటా. ఇంత చెప్పినా, ఆమె అల్లికలో చివరికి చేరిన పేరు ఎవరిదో కూడా చెప్పాలి. ఆ దొరల రక్తం పంచుకున్నందుకు, నేరం జరిగిన నాటికి పుట్టని ఒక చిన్నపిల్ల కూడా ఆమె లెక్కలోకి వస్తుంది. చెరపడానికి వీలులేని పద్దుకు ఉన్న చిక్కు అదే: దానిలో పేర్లు చేరడమే కానీ కొట్టివేత ఉండదు. అప్పు పత్రాన్ని చింపడానికి వీలుగా కాగితం మీద రాస్తారు. ఆమె దారంతో అల్లింది. ఎడువార్ ఏ పద్దులో లేకుండానే చనిపోయాడు. ఈ పాపను మాత్రం పద్దులోకి పిలిచి మరీ రాసుకున్నారు.

హీత్‌క్లిఫ్ ఈ వరుసలో ఎక్కువ కాలం నన్ను తికమక పెట్టినవాడు. 1847లో ఎమిలీ బ్రాంటీ మారుపేరుతో అచ్చువేసిన ‘వదరింగ్ హైట్స్’ చదివినవాళ్ళకు అతని ఉరుములు, కొండ గాలి, కిటికీ దగ్గరి దయ్యం గుర్తుంటాయి. అతని ప్రతీకారం మాత్రం అచ్చంగా రిజిస్ట్రారు కచేరీ వ్యవహారం. తనను నౌకరును చేసి కొట్టిన హిండ్లీని జూదంలో దింపి, ఇల్లు, పొలం తాకట్టు పెట్టించుకుని సొంతం చేసుకుంటాడు. పక్క ఎస్టేటును పెళ్ళిళ్ళ ద్వారా, వారసత్వ చట్టం ద్వారా లాగేస్తాడు. హిండ్లీ కొడుకు హేర్టన్‌ను మాత్రం చంపడు, కొట్టి తరమడు. చదువు రానివ్వకుండా పెంచుతాడు. ఒకే గాలి తగిలితే ఈ చెట్టు కూడా ఆ చెట్టంత వంకరగా పెరగదా చూద్దాం అన్నదే అతని ఆలోచన. తనకు జరిగిందాన్ని అచ్చుగుద్దినట్టు తిరిగి జరిపించడం. ఆ ఇంటి గుమ్మం పైన ఒక రాయి మీద 1500 అన్న సంవత్సరం, పూర్వీకుడి పేరు చెక్కి ఉంటాయి. ఆ పేరు కూడా హేర్టనే. ఆ కుర్రవాడు రోజూ దాని కిందుగా లోపలికీ బయటికీ తిరుగుతూ, తన పేరే అక్కడ ఉన్నా చదవలేడు. పగ అంటే ఏమిటో చూపించడానికి నాకు తెలిసినంతలో ఇంతకంటే నిశ్శబ్దమైన దృశ్యం లేదు. కత్తి లేదు, రక్తం లేదు. గుమ్మం మీద తన పేరు చదువుకోలేని యజమాని.

ఆ తరువాత జరిగేది కొందరు పాఠకులకు నచ్చదు, ముగింపు చల్లబడిపోయిందంటారు. హీత్‌క్లిఫ్ చేతికి రెండు ఇళ్ళూ వచ్చాయి, రెండు వంశాల పిల్లలూ అతని దయ మీద ఉన్నారు, అడ్డుపడేవాడు లేడు. ఒక సాయంత్రం ఆ పిల్లలిద్దరూ ఒకే పుస్తకం మీద తలలు వంచి కూర్చుని ఉండగా అతను లోపలికి వస్తాడు. హీత్‌క్లిఫ్ ప్రేమించిన కేథరిన్ కూతురు కేథీ, హేర్టన్‌కు చదువు నేర్పుతోంది. ఇద్దరూ ఒక్కసారి తల ఎత్తుతారు, ఇద్దరి కళ్ళూ చనిపోయిన కేథరిన్ కళ్ళే. అతను ఏమీ అనడు. తరువాత నౌకరు నెల్లీతో చెప్పుకుంటాడు: రెండు ఇళ్ళనూ పడగొట్టడానికి గునపాలు, సరంజామా అన్నీ సిద్ధం చేసుకున్నాను, తీరా సమయం వచ్చాక ఏ ఇంటి పైకప్పు నుంచి ఒక్క పెంకు తీయాలన్న కోరిక కూడా లేకుండా పోయింది, వాళ్ళ నాశనాన్ని చూసి సంతోషించే శక్తే పోయింది అని. ఇది క్షమ కాదు. అతను ఎవరినీ క్షమించలేదు, దాన్ని ఔదార్యం అనుకోవద్దని తానే అంటాడు. తీర్చుకునే లోపే దాహం చచ్చిపోయింది, అంతే. దాహం లేనివాడికి నిండు కుండ ఎందుకు? 18 ఏళ్ళ శ్రమ, రెండు ఎస్టేట్లు, కోర్టు కాగితాలు అన్నీ చేతిలో ఉన్నాయి కానీ వాటిని పట్టుకున్న చేతికి పట్టు లేదు. బ్రాంటీ 30 ఏళ్ళకే చనిపోయింది, రాసిన నవల ఇదొక్కటే. ఒక మనిషిని లోపలి నుంచి ఖాళీ అవుతుండగా ఇంత నిర్దయగా చూపించిన రచయితలు పెద్ద వయసు వాళ్ళలో కూడా తక్కువ.

హీత్‌క్లిఫ్ చనిపోయిన రాత్రి శవం పక్కన కూర్చుని తెల్లవార్లూ ఏడ్చింది ఒక్క హేర్టన్. అందరిలోకీ ఎక్కువ అన్యాయం జరిగింది అతనికే అని నెల్లీ అంటుంది. బాకీ లెక్క ప్రకారం చూస్తే ఈ కుర్రవాడికి రావలసిన మొత్తం కౌంటుకు రావలసినదాని కంటే తక్కువేమీ కాదు. ఆస్తి పోయింది, చదువు పోయింది, పేరు పోయింది. తనకు అన్యాయం జరిగిందని అతనికి తెలియదు కాబట్టే ఏడ్చాడనేవాళ్ళు ఉన్నారు. నాకు అది పూర్తి జవాబుగా తోచదు, ఎందుకంటే అప్పటికి కేథీ అతనికి అంతా చెప్పింది, హీత్‌క్లిఫ్‌ను తిడితే ఊరుకోనని అతను ఆమెనే ఆపాడు. తెలిసి కూడా పద్దు తెరవని మనిషి ఒకడు ఆ నవలలో ఉన్నాడు. ప్రతీకల పట్టికలో అతనికి గడి లేదు.

ఇంత దూరం తిరిగి వచ్చాక మన మహాభారతంలోని సౌప్తిక పర్వం మళ్ళీ చదివాను. అశ్వత్థామది కూడా మొదట న్యాయమైన బాకీయే. తండ్రిని ఆయుధం కింద పెట్టించి, ధ్యానంలో ఉండగా చంపారు. రాత్రి మర్రిచెట్టు కింద నిద్ర పట్టక పడుకున్నవాడు, పైన నిద్రపోతున్న కాకులను ఒక గుడ్లగూబ చంపడం చూసి దారి దొరికిందనుకున్నాడు. తండ్రిని చంపిన ధృష్టద్యుమ్నుడితో బాకీ తీరిపోవాలి. తీరలేదు, ఆ రాత్రే నిద్రలో ఉన్న ద్రౌపది ఐదుగురు కొడుకులూ పోయారు. పోతన భాగవతంలో, కట్టి తెచ్చిన అశ్వత్థామను చూసి ద్రౌపది ‘నీ చేతు లెట్లాడెనో’ అని అడగడం మనలో చాలామందికి కంఠస్థం. ఆ వెంటనే ఇతని తల్లి కూడా నాలాగే ఏడుస్తూ ఉంటుంది, వదిలిపెట్టండి అంటుంది. కౌంటు గోడ మీద చెక్కుకున్న జ్ఞాపకానికి, ఈమె జ్ఞాపకానికి తేడా ఇక్కడ కనిపిస్తుంది. తన దుఃఖం ఎంత స్పష్టంగా గుర్తుంటే ఇంకో తల్లి అంత దగ్గరగా కనిపించింది.

వ్యాసుడి ద్రౌపది ఇంత మెత్తగా లేదు, నాకు ఆమె మీద ఎక్కువ నమ్మకం. కొడుకులను చంపినవాడు బతికి ఉంటే ప్రాయోపవేశం చేసి చనిపోతానని కూర్చుంటుంది. అతని తలలో పుట్టుకతో ఉన్న మణి తెచ్చి చూపించమంటుంది. భీముడు తెచ్చి ఆమె చేతిలో పెట్టినప్పుడు ఆమె అన్న మాటలో ‘ఆనృణ్యం’ అన్న పదం ఉంది, అంటే ఋణం తీరడం. నాకు కావలసింది ఋణం నుంచి విడుదల ఒక్కటే, అది దొరికింది, గురువు కొడుకు నాకు గురువే అంటుంది. ఐదుగురు కొడుకులకు ఒక మణి సరిపోతుందని ఆమెకు తెలియకనా? ఎక్కడో ఒక చోట గీత గీయకపోతే అది అప్పు కాకుండా పోతుందని ఆ తల్లికి తెలుసు. ఆ మణిని కూడా ఆమె తన దగ్గర ఉంచుకోలేదు. ధర్మరాజును తల మీద పెట్టుకోమని ఇచ్చేసి, ప్రాయోపవేశం మాని లేచింది.